ఏనుగుకి పరుగు పందెం

ఆఫీసులో పాత కంప్యూటర్లు వదిలించుకుంటున్నారని తెలిసి అందరూ ల్యాప్‌టాప్‌ల మీద పడ్డారు. నేను మాత్రం మూల నిలబడి ఉన్న వర్క్‌స్టేషన్‌ని అడిగాను. "అదా, సంతోషంగా తీసుకెళ్ళండి" అన్నారు. ఆ సంతోషం దేనికో, దాన్ని మూడో అంతస్తుకి మోస్తుంటే రెండో అంతస్తులోనే అర్థమైంది.

లోపల ఇంటెల్ జియాన్ ఈ5-1620. 2012 నాటి చిప్పు, నాలుగు కోర్లు, 3.6 గిగాహెర్ట్జ్. బిల్డింగుల డిజైన్లు గీయడానికి, రాత్రంతా లెక్కలు చేయడానికి పుట్టిన యంత్రం అది. నాకేమో దాని మీద కార్ల రేసు ఆడాలని కోరిక. వయసు గురించి అడక్కండి, దానిదైనా నాదైనా.

ఉన్న గ్రాఫిక్స్ కార్డు గీతలు గీసుకునే క్వాడ్రో, 2 జీబీది. రేసు పెట్టి చూస్తే కారు పరిగెత్తలేదు, ఎవరో ఫోటో ఆల్బమ్ తీరిగ్గా తిరగేస్తున్నట్టు ఒక్కో బొమ్మా వచ్చింది. మలుపు దగ్గర స్టీరింగ్ తిప్పాను, మలుపు దాటి గోడకి గుద్దుకున్నాక తిరిగింది.

అక్కడ మొదలైంది సంశయం, అప్‌గ్రేడ్ చేయాలా వద్దా అని. ఒక నోటుబుక్కులో మధ్యకి గీత గీసి ఎడమ పక్క "చేద్దాం", కుడి పక్క "వద్దు" అని రాసుకుని మూడు వారాలు కూర్చున్నాను. విండోస్ 11 ఈ చిప్పుని అధికారికంగా ఒప్పుకోదు, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది, ఇవి కుడి పక్కకి వెళ్ళాయి. పవర్ సప్లై మార్చుదామంటే దాని కనెక్టర్లు తయారీ కంపెనీ సొంత ఆకారంలో ఉన్నాయి, బజార్లో దొరికేవి పట్టవు, అదీ కుడి పక్కకే. ఎడమ పక్కన మాత్రం ఒకే ఒక్క మాట ఉంది: ఫ్రీగా వచ్చింది.

"ఎవరికైనా ఇచ్చేసి కొత్తది కొనుక్కో మామయ్యా" అన్నాడు మా మేనల్లుడు.

"ఫ్రీగా వచ్చిందిరా" అన్నాను. ఫ్రీగా వచ్చినదాని మీద ఎంత ఖర్చు పెట్టినా లాభమే అని నా లెక్క. ఈ లెక్క తప్పని వాడు చాలాసేపు చెప్పాడు, నేను చాలాసేపు వినలేదు.

ముందు హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టాం. అది మాత్రం నిజంగా బాగుంది, అంతకుముందు స్విచ్ వేసి స్నానానికి వెళ్ళి వచ్చేవాణ్ణి, ఇప్పుడు తువ్వాలు వెతుక్కునేలోపే తెర వచ్చేస్తోంది. తర్వాత కార్డు. మదర్‌బోర్డు మీద స్లాట్ నుంచి 75 వాట్లకి మించి కరెంటు రాదు కాబట్టి, విడిగా పవర్ వైరు అక్కర్లేని జీటీఎక్స్ 1650 మోడల్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో పట్టాను, 4 జీబీది. అది కూడా పేచీ పెట్టకుండా కూర్చుంది. రెండు పనులు వరసగా కుదిరాయంటే నాకు ధైర్యం వచ్చేస్తుంది, అదే నా జబ్బు. ఇక మేనల్లుణ్ణి పిలవకుండా, ఎవరికీ చెప్పకుండా, ర్యామ్ కూడా కొనేశాను.

ఆదివారం మధ్యాహ్నం పాత ర్యామ్ పక్కన ఖాళీ స్లాట్లలో కొత్త ముక్కలు రెండు పెట్టి, టక్‌మని శబ్దం వచ్చేదాకా రెండు బొటనవేళ్ళతో నొక్కి, స్విచ్ వేశాను. తెర నల్లగా ఉంది. ఫ్యాన్లు ఒక్కసారిగా విమానం లేచినట్టు లేచాయి. ఆ వెంటనే మొదలైంది, బీప్... బీప్... బీప్.

వెనక గదిలోంచి మా ఆవిడ కేకేసింది. "ఏమండీ, బయట ఏదో లారీ రివర్స్‌లో వస్తున్నట్టుంది, మన బండి తీయండి!"

నేను నిజంగానే బాల్కనీలోకి వెళ్ళి చూసి వచ్చాను. టెన్షన్‌లో మనిషి ఏదైనా నమ్ముతాడు.

మేనల్లుడు వచ్చి ఏమీ మాట్లాడకుండా కొత్తదొకటి, పాతదొకటి బయటికి లాగి కిటికీ దగ్గర వెలుతుర్లో నా ముందు పెట్టాడు. "నల్ల చిప్పులు లెక్కపెట్టు" అన్నాడు. కొత్తదాని మీద ఒక వరసలో ఎనిమిది. పాతదాని మీద తొమ్మిది, పైగా మధ్యలో ఇంకో చిన్న చిప్పు, కుటుంబ ఫోటోలో ఇరుక్కుని నిలబడ్డ దూరపు చుట్టంలా. ఆ తొమ్మిదోది తప్పులు పట్టుకోవడానికట, దాన్ని ఈసీసీ అంటారు. మధ్యలోది రిజిస్టర్ చిప్పు, అంటే వచ్చే ఆదేశాల్ని ముందు తను అందుకుని మిగతా చిప్పులకి పంచేది. రెండింటి మీదా డీడీఆర్3 అని ఒకే తరం పేరు రాసి ఉన్నా, రిజిస్టర్ ఉన్న రకం, లేని రకం ఒకే బోర్డు మీద కలిసి ఉండవు. నేను చేసిన తప్పు పట్టుకోవడానికి మాత్రం ఆ తొమ్మిదో చిప్పుతో పని పడలేదు.

కొత్త ర్యామ్ తీసేస్తే బీప్ ఆగింది. ఉన్న 16 జీబీ చాల్లే అనుకుని, నేను ఎంతో ముచ్చటపడ్డ కొత్త రేసు గేమ్‌ని రాత్రంతా డౌన్‌లోడ్ చేసి, పొద్దున్నే కుర్చీ సర్దుకుని, నొక్కాను. తెర ఒక్కసారి నల్లబడింది. మళ్ళీ డెస్క్‌టాప్ వచ్చింది. ఇంకోసారి నొక్కాను. ఇంకోసారి డెస్క్‌టాప్. మర్యాదగా తలుపు వేసేసినట్టుంది.

"ఈ గేమ్‌కి ఏవీఎక్స్2 కావాలి మామయ్యా, అంటే ప్రాసెసర్‌కి తెలిసుండాల్సిన ఒక రకం ఆదేశాలు. ఇంటెల్‌లో అది 2013లో హాస్వెల్ అనే తరం చిప్పులతో వచ్చింది. నీ చిప్పు 2012ది."

"ఒక్క ఏడాదే కదరా!"

"పదో తరగతిలో ఒక్క మార్కు తగ్గినా అంతే కదా."

నా మాట నాకే అప్పచెప్పాడు, వెధవ. సరే, మార్గం చెప్పమన్నాను. మదర్‌బోర్డూ ప్రాసెసరూ మార్చాలట. అవి మారిస్తే పాత ర్యామ్ పనికిరాదు. పవర్ సప్లై కొత్త బోర్డుకి పట్టదు. డబ్బా కూడా ఆ కంపెనీ కొలతలదే, మామూలు బోర్డు దాంట్లో కూర్చోదు.

"మరి ఫ్రీగా వచ్చినదాంట్లోంచి నాకు మిగిలేదేంటిరా?"

వాడు కాస్త ఆలోచించి "స్క్రూలు" అన్నాడు. ఇద్దరం డబ్బా చుట్టూ చూశాం. ఇది హ్యాండిల్ లాగితే తలుపు ఊడొచ్చే రకం. తలుపుకి ఒక్క స్క్రూ కూడా లేదు.

నోటుబుక్కు మూసేశాను. ఇప్పుడు దాని మీద పదిహేనేళ్ళ కిందటి రేసు గేమ్ ఒకటి ఆడుతున్నాను, ఎక్కడా ఆగకుండా సెకనుకి 60 ఫ్రేములు వస్తున్నాయి, మలుపులో కారు నేను తిప్పినప్పుడే తిరుగుతోంది. నిన్న రాత్రి ఒంటిగంటకి ఫ్యాన్లు హోరెత్తుతుంటే మా ఆవిడ నిద్రలోనే అడిగింది.

"ఆ లారీ ఇంకా వెళ్ళలేదా?"