గో గారికి, గోవిందుడి ఊరి నుంచి

మహారాజశ్రీ గో అనే ప్రోగ్రామింగ్ భాష గారికి,

తిరుపతిలో ప్రోగ్రామింగ్ పాఠాలు చెప్పుకుని బతికే నేను నమస్కరించి రాయునది. మా ఊళ్లో గో అంటే ఆవు. మొదటి రోజు బోర్డు మీద మీ పేరు రాయగానే వెనక బెంచీలోంచి ‘గోవిందా!’ అని కేక వచ్చింది. కోప్పడలేకపోయాను.

పేర్లు ఢీకొనడం మాకు కొత్త కాదు. నా తరగతిలో శ్రీనివాసులు అని పిలిస్తే ముగ్గురు లేస్తారు. అందుకే ముందు చేరినవాడు ఉత్త శ్రీనివాసులు, తర్వాతివాడు పాకాల శ్రీనివాసులు, ఆఖరివాడు కళ్లజోడు శ్రీనివాసులు. వాడు కళ్లజోడు మానేసి లెన్సులు పెట్టుకున్నా ఆ పేరు వదల్లేదు. ఆటో ఎక్కి ‘ఎస్వీ’ అంటే బండి కదలదు. ఆర్ట్స్ కాలేజీయా, యూనివర్సిటీయా, మెడికల్ కాలేజీయా, జూ పార్కా? 1954లో పుట్టిన యూనివర్సిటీ అయినా సరే, తోక చెప్పుకోవలసిందే.

మీకు ఆ బాధ లేదు. 2009 నవంబరులో గూగుల్ వారింట పుట్టిన మీ పేరు లోకానికి చాటేనాటికే ఫ్రాన్సిస్ మెక్‌కేబ్ గారి ‘గో!’ అనే భాష ఉంది. ఆయన 2007లోనే దాని మీద పుస్తకం కూడా వేసుకున్నారు. దయచేసి పేరు మార్చుకోండని ఆయన పెట్టుకున్న అర్జీ మీ ఫిర్యాదుల పట్టీలో తొమ్మిదో నంబరు. దాన్ని ఏడాది నానబెట్టి, 2010లో ‘దురదృష్టకరం’ అని ముద్ర కొట్టి మూసేశారు. మా మండల ఆఫీసులో కూడా ఇంత పొదుపుగా జవాబివ్వరు. పెద్దాయనకు మిగిలింది ఆ ఆశ్చర్యార్థకం ఒక్కటే.

1987లో వచ్చిన పెర్ల్ భాష గారిని చూడండి. అదే ఉచ్చారణతో మరో భాష ముందే ఉందని తెలిసి, స్పెల్లింగులో ఒక అక్షరం వదులుకున్నారు. ఆ మాత్రం మర్యాదకు అక్షరం ఖర్చే కదా! (మీకున్నవే రెండు. వదులుకోమనడం అన్యాయమేలెండి.)

అసలు వింత వేరే ఉంది. లోకం వెతుకులాటంతా చేతిలో ఉన్న ఇంట్లో పుట్టి, వెతికితే దొరకని పేరు పెట్టుకున్నారు. ‘గో’ అని కొడితే మీరు తప్ప అన్నీ వస్తున్నాయని పిల్లలు మొత్తుకుంటే, ‘గోలాంగ్’ అని కొట్టమన్నాను. మీకూ తోక తప్పలేదన్నమాట.

మొన్న కళ్లజోడు శ్రీనివాసులు రికార్డు పుస్తకం అట్ట మీద ‘గో!’ అని రాసుకొచ్చాడు. ఎర్ర పెన్ను తీశాను గానీ, ఆ ఆశ్చర్యార్థకాన్ని కొట్టేయడానికి చేయి రాలేదు. సంతకం పెట్టి ఇచ్చేశాను.

ఇట్లు,
మీ పేరు చెప్పుకుని బతుకుతున్న
ఒక మాస్టారు