కోటుకు సెలవుంది, బ్యాండుకు లేదు

వేసవిలో వకీలు నల్లకోటు విప్పేయొచ్చు. సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో తప్ప మిగతాచోట్ల అది తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లోనే ఉంది. మెడ కింద రెండు పట్టీలుగా వేలాడే తెల్లబ్యాండు మీద మాత్రం ఎవరికీ జాలి కలగలేదు. వాదించేది గొంతే అయినా, గాలి ఆడాల్సింది వీపుకేనని పెద్దలు తేల్చారు. జిల్లా, సెషన్స్, సిటీ సివిల్ కోర్టులకన్నా కింది కోర్టుల్లో బ్యాండు బదులు నల్ల టై కట్టుకోవచ్చట. ఉరితాడు ఎంచుకునే స్వేచ్ఛ అన్నమాట!

17వ శతాబ్దపు ఇంగ్లండులో పెద్దమనుషులు వేసుకున్న కాలరు ఈ బ్యాండు. వాళ్లు ఎప్పుడో వదిలేశారు. వకీళ్లు, పాదిరీలు వదల్లేదు.

ఇక ధారణ విధి. ముందు చొక్కా పై గుండీ పెట్టాలి. ఉక్కపోస్తోందని వదిలేస్తే కాలరు విచ్చుకుంటుంది, బ్యాండు జారి జారి మధ్యాహ్నానికి భుజమెక్కుతుంది. కాలరుతో కలిపి కుట్టిన రకమైతే చొక్కా కాలరు ఎక్కడా కనబడకూడదు, మెడ దగ్గర రెండు వేళ్లు దూరాలి. వెల్క్రో రకం వద్దు. దారప్పోగులు పట్టి, సరిగ్గా క్రాస్ ఎగ్జామినేషన్ మధ్యలో ఊడుతుంది. వెనక ముడేసుకునే నాడాయే నయం. పట్టీలు రెండూ పైన కలిసి, కింద కాస్త ఎడంగా నిలవాలి. ఒకదాని మీదికొకటి ఎక్కాయంటే గంజి చాలలేదు.

గంజి పలచగా ఉండాలి. నీడన ఆరేసి, చెమ్మ ఉండగానే తిరగేసి ఇస్త్రీ చేయాలి. బాగా ఎండాక చేస్తే గంజి పెళుసెక్కి నల్లకోటు మీద చుండ్రులా రాలుతుంది. ప్రతివాది వకీలు వాదన మానేసి దాన్నే చూస్తాడు.

బ్యాండు పొడవెంతో నిబంధనల్లో లేదు. కాబట్టి ఆ విషయంలో దర్జీదే తుది తీర్పు. పంచె కట్టొచ్చు, జీన్స్ కూడదు అని మాత్రం శ్రద్ధగా రాశారు.

కోర్టు బయట బహిరంగ ప్రదేశాల్లో బ్యాండు, గౌను వేసుకోరాదని ఇంకో నిబంధన. గేటు ఎదుటి టీకొట్టు బహిరంగ ప్రదేశం కిందికి వస్తుందా రాదా అన్న వ్యాజ్యం అక్కడే, బ్యాండ్లతోనే, రోజూ విచారణకొచ్చి రోజూ వాయిదా పడుతోంది. తీర్పొచ్చేలోగా టీ ఒలికితే వెంటనే చన్నీళ్లలో జాడించండి. మరక మీద ఇస్త్రీపెట్టె పెట్టారా, ఇక అప్పీలు లేదు.