సంతకం చేయనివారి సమ్మతి

ప్రజల మనసులో మాట తెలుసుకోవడానికి పాలకులు కనిపెట్టిన పద్ధతుల్లో ఏది శ్రేష్ఠమో తేల్చే పోటీ ఏదైనా జరిగితే, 1920లో ఓయ్‌పెన్–మాల్మెడీ ప్రాంతంలో (ఇప్పటి బెల్జియం తూర్పు సరిహద్దులో జర్మనీని ఆనుకుని ఉన్న నేల) బెల్జియం అనుసరించిన పద్ధతికి ప్రథమ బహుమతి ఇవ్వకపోవడం అన్యాయమే అవుతుంది.

తర్వాత జర్మనీలో భాగమైన ప్రష్యా రాజ్యపు పడమటి అంచున ఉన్న ఈ చిన్న ప్రాంతానికి దొరలు మారడం కొత్త కాదు. ఆస్ట్రియా ప్రభువుల కింద ఓయ్‌పెన్, మఠాధిపతుల కింద మాల్మెడీ ఉండగా ఫ్రెంచివారు వచ్చి రెండింటినీ కలిపేసుకున్నారు; 1815లో యూరప్ రాజ్యాలు సరిహద్దులు తేల్చుకున్న వియన్నా సభ వాటిని ప్రష్యాకు అప్పగించింది. అప్పుడు అక్కడివారిని ఎవరూ ఒక్క మాటైనా అడగలేదు, అడిగినట్టు నటించనూ లేదు. పక్కనే కెల్మిస్‌లో జింకు గని ఎవరిదో తేలకపోవడంతో, 1816లో ప్రష్యా, నెదర్లాండ్స్ కలిసి ఆ మూడున్నర చదరపు కిలోమీటర్ల నేలను ఎవరికీ చెందని తటస్థ భూమిగా వదిలేశాయి. గనిలో ఖనిజం 1885 నాటికే అడుగంటింది గాని, తటస్థత మాత్రం మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేదాకా తరగలేదు.

యుద్ధంలో జర్మనీ ఓడిపోయాక కాలం నాగరికమైంది. ఇక ప్రజలను అడగకుండా భూమి చేతులు మార్చడం మర్యాద కాదు కనుక, యుద్ధానంతరం జర్మనీతో కుదిరిన వెర్సాయ్ ఒప్పందంలోని 34వ అధికరణం ప్రకారం ఓయ్‌పెన్‌లో ఒకటి, మాల్మెడీలో ఒకటి నమోదు పుస్తకాలు తెరిచి ఆరు నెలలు ఉంచారు. జర్మనీలోనే ఉండాలని కోరుకునేవారు స్వయంగా వచ్చి, కొత్తగా అధికారం చేపట్టిన బెల్జియం అధికారుల ఎదుట ఆ కోరికను పేరుతో సహా రాయాలి. రహస్య ఓటులో ఎవరి అభిప్రాయం ఎవరిదో తెలియక అధికారులు పడే అవస్థ ఇందులో లేదు. సంతకం పెడితే రేషన్ కార్డు పోతుందనీ, ఊరు విడిచి వెళ్లవలసి వస్తుందనీ జనం భయపడ్డారంటే అది వారి అతి జాగ్రత్త అనుకోవాలి. అర్హులైన 33,726 మందిలో 271 మంది సంతకం చేశారు. మౌనం అర్ధాంగీకారమని మనవాళ్లు అంటారు. నానాజాతి సమితి అంకగణితంలో ఉదారత ఇంకా ఎక్కువ కనుక, మిగిలిన 33,455 మంది మౌనాన్ని పూర్ణాంగీకారంగానే లెక్కగట్టి, ఆ సెప్టెంబరులో కేసు మూసేసింది.

అంత ఇష్టంగా వచ్చి చేరిన ప్రజలను ఆరేళ్లు తిరగకముందే జర్మనీకి తిరిగి అమ్మేద్దామని బెల్జియం రహస్యంగా బేరమాడింది. అనుకున్న ధర 20 కోట్ల బంగారు మార్కులు. ఫ్రాన్స్ అభ్యంతరం చెప్పడంతో 1926లో బేరం చెడింది. సరుకు అభిప్రాయం కోసం ఈసారి పుస్తకాలేవీ తెరవలేదు. రెండు దేశాల ఖజానా మంత్రుల తీరిక లేని తనాన్ని మనం అర్థం చేసుకోవాలి.

డబ్బుతో దొరకనిది 1940 మే 18న ఒక్క ఉత్తర్వుతో హిట్లర్‌కు దొరికింది. పనిలో పనిగా ఎన్నడూ ప్రష్యావి కాని కొన్ని పాత బెల్జియం గ్రామాలనూ కలుపుకున్నాడు. బెల్జియం బడుల్లో చదువుకున్న కుర్రాళ్లకు జర్మన్ సైనిక దుస్తులు తొడిగారు. వారిలో రెండు వేల మందికి పైగా తిరిగి రాలేదు. యుద్ధం ముగిశాక తిరిగొచ్చిన బెల్జియం, శత్రువుకు సహకరించారన్న అనుమానంతో జనాభాలో దాదాపు నాలుగో వంతు మంది మీద విచారణ దస్త్రాలు తెరిచింది. పరాయి దొరకు లొంగిపోతే ఎంత తప్పో, తమను ఒకప్పుడు అమ్మజూపిన ప్రభుత్వమే చెప్పాక వారు నేర్చుకోకుండా ఎలా ఉంటారు?

ఇప్పుడు అక్కడి జర్మన్ భాషీయులు ఎనభై వేలకు కాస్త లోపే అయినా, వారికి ఓయ్‌పెన్‌లో సొంత పార్లమెంటు, సొంత ప్రధానమంత్రి ఉన్నారు. ఫ్రెంచి మాట్లాడే మాల్మెడీ అందులో లేదు. అదీ చాలదన్నట్టు 2019లో ఒక శాశ్వత పౌరమండలిని నెలకొల్పి, సాధారణ పౌరులను లాటరీ తీసి పిలిచి, ఏ సమస్య మీద చర్చ జరగాలో వారినే తేల్చమంటున్నారు. వచ్చి అభిప్రాయం చెప్పినందుకు వారికి భత్యం కూడా ఇస్తున్నారు.