లేని సెన్సార్‌కి ఎనిమిది వేలు

"ఎయిర్ ఫ్లో సెన్సార్ పోయింది సార్, ఎనిమిది వేలవుతుంది."

పోయిన శనివారం మారతహళ్లి దగ్గర ఒక గ్యారేజీలో విన్న మాట ఇది. చెప్పినతను మదనపల్లె వైపు మనిషి, మోసం చేసే రకం కాదు. బండికి పికప్ లేదంటే, ఇంజన్ కంప్యూటర్‌లోని అంకెల్ని ఫోన్‌కి పంపే డాంగిల్ గుచ్చి ఫోన్‌లో యాప్ చూపించాడు. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, లోపలికెళ్ళే గాలి సెకనుకి 3.8 గ్రాములట. "ఇంత చిన్న ఇంజనుకి రెండు, రెండున్నర కంటే ఎక్కువ ఉండకూడదు సార్" అన్నాడు. ఆ మాట నిజమే. చిక్కల్లా ఏమిటంటే, నా 1.2 లీటర్ పెట్రోల్ బండిలో ఆ సెన్సారే లేదు.

నా కోపం అతని మీద కాదు, ఆ యాప్ మీద. మన చిన్న పెట్రోల్ కార్లు చాలావాటిలో గాలిని నేరుగా కొలిచే సెన్సార్ ఉండదు. ఇంజన్‌లోకి గాలి వెళ్ళే గొట్టంలో, అంటే మానిఫోల్డ్‌లో, ప్రెషర్ చూసే మ్యాప్ సెన్సార్ ఉంటుంది. ఆ ప్రెషరూ, లోపలికొచ్చే గాలి వేడీ, ఆర్‌పీఎమ్మూ చూసి ఎంత గాలి వెళ్తోందో ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, లెక్క కట్టుకుంటుంది. ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉన్న బండిని డాంగిల్‌తో 01 10 అనే కోడ్ పంపి అడిగితే రెండు బైట్లు ఇస్తుంది (బైట్ అంటే 0 నుంచి 255 దాకా ఉండే అంకె). ఆ రెండూ పక్కపక్కన పెట్టి ఒకే అంకెగా చదివి వందతో భాగిస్తే సెకనుకి ఎన్ని గ్రాములో వస్తుంది. నా బండి ఆ ప్రశ్నకి జవాబివ్వదు. జవాబు రానప్పుడు యాప్ ఊరుకోవచ్చుగా? ఊరుకోదు. ఉన్న ప్రెషర్‌తో ఒక అంకె తనే వండి ఎయిర్ ఫ్లో అని పేరు పెట్టి వడ్డిస్తుంది. కొలిచిందో వండిందో ఎక్కడా రాయదు.

యాప్‌లో లోడ్ అని చూపించే అంకె సంగతీ అంతే. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే లోడ్ 80 శాతం చూపిస్తోంది, ఇంజన్ పాడవుతుందా అని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకాయన ఒకటే టెన్షన్. అయ్యా, అది ఇంజన్ పడే కష్టం కాదు. ఆ ఆర్‌పీఎమ్ దగ్గర ఇంజన్ పీల్చగలిగే గాలిలో ఇప్పుడు ఎంత పీలుస్తోందన్న లెక్క. ఎత్తు ఎక్కేటప్పుడు 80 రాకపోతే ఎప్పుడు రావాలి? వచ్చేది కూడా ఒక్క బైట్, 255లో ఇంత అని. 62.7 అంటూ పాయింట్ పక్కన అంకె చూసి మురిసిపోవద్దు.

సరే, ఇంటికొచ్చి నా డాంగిల్ పెట్టాను. ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేస్తే మ్యాప్ సెన్సార్ బయటి గాలి ప్రెషరే చూపించాలి. 91 కిలోపాస్కల్స్ వచ్చింది. చెన్నైలో మా బావ బండిలో ఇదే 101. బెంగళూరు సముద్రానికి 900 మీటర్ల ఎత్తున ఉంది కదా, మనకి 91 సరిగ్గా ఉన్నట్టే. సెన్సార్ మంచిదే. ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద సెకండ్ గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. అంకె 91 దగ్గరికి రావాలి, 78 దగ్గరే ఆగిపోయింది. గాలిని వదిలే తలుపు, థ్రాటిల్, పూర్తిగా తెరిచినా గాలి రావట్లేదంటే దానికి ముందే ఏదో అడ్డం.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే గుడ్డ పీలికలు, ఎండుటాకులు, వేరుశెనగ తొక్కలు. బేస్‌మెంట్ పార్కింగ్ ఎలుకలు అందులో కాపురం పెట్టాయి. కొత్త ఫిల్టర్ నాలుగొందలు. వేశాక అదే రోడ్డు మీద 89.

సాయంత్రం మళ్ళీ గ్యారేజీకి వెళ్ళి, "అన్నా, ఒకసారి నీ యాప్‌లో సెట్టింగ్స్ తెరువు" అన్నాను. ఇంజన్ కెపాసిటీ దగ్గర 2.0 అని ఉంది.

"ఇది కూడా మనమే నింపాలా సార్?" అన్నాడు. 1.2 అని నింపగానే 3.8 కాస్తా 2.3 అయింది.