గైడు మనకే, టైమే మనది కాదు

గుంపుతో పరుగులు పెట్టక్కర్లేదు, మనకంటూ ఒక గైడు ఉంటాడని ఎక్కువ డబ్బు కట్టి మరీ శ్రీలంకలో కొలంబో నుంచి గాలే ఊళ్లో కోట చూడ్డానికి వెళ్లాం. తీరా చూస్తే కారు ముందు ఆగింది రత్నాల కొట్టు దగ్గర! ‘ఊరికే చూడండి సార్, కొనక్కర్లేదు’ అన్నాడు. అక్కడ టీ ఇచ్చి కూర్చోబెట్టారు, లేవనిస్తే ఒట్టు. తర్వాత మసాలా తోట. చివరికి డచ్చివాళ్ల కోటకి మిగిలింది ముప్పావు గంట.

పాత ద్వారం లోపలివైపు 1669 అని చెక్కిన రాతి చిహ్నం, దాని మీద ఒక కోడిపుంజు. ఆ కోడి అక్కడెందుకుందని అడిగితే ఫోన్లోంచి తల ఎత్తకుండా ‘చాలా పాతది సార్’ అన్నాడు. పాతదని నాకూ కనిపిస్తూనే ఉంది కదయ్యా!

1755 నాటి చర్చిలో నేల మీద పరిచినవి సమాధి రాళ్లు. వంగి ఒక్క పేరు కూడబలుక్కునేలోపే గుమ్మంలోంచి ‘ట్రాఫిక్ సార్’ అని కేక. గోడ మీదుగా లైట్‌హౌస్ దాకా నడుద్దామంటే కారు అద్దంలోంచి చూపించాడు, మా ఆవిడ నావంక చూసింది.

దిగేటప్పుడు మాత్రం తీరిగ్గా ఫోన్ చేతికిచ్చి, ఐదు స్టార్లు నొక్కమన్నాడు.