నంబర్లు కలిసిన పి08 చాలు
పాత తుపాకుల మీద మీ వ్యాసంలో, వాటిని సేకరించేవాళ్లందరి కల 1907 అమెరికా సైన్యం పరీక్షల కోసం చేసిన .45 క్యాలిబర్ జర్మన్ పిస్తోలు లూగరేనని రాశారు. అందరిదీ అంటే ఒప్పుకోను, అది దూరం నుంచి చూసి నిట్టూర్చడానికే. నా మనసు జర్మన్ సైన్యం వాడిన మామూలు లూగర్, అంటే పి08 మీదే, కాకపోతే దాని భాగాల మీది నంబర్లన్నీ కలవాలి. సీరియల్ నంబరు చివరి రెండంకెలు ట్రిగ్గరు, సేఫ్టీ మీట లాంటి చిన్న భాగాల మీద కూడా కొట్టి ఉంటాయి. పాతవాటిలో ఆ భాగాలు ఎండుగడ్డి రంగులో ఉంటాయి, నీలినలుపు ఒంటి మీద ఆ పసుపు చూస్తే కళ్లు తిప్పుకోలేం. మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బా) నంబరు కూడా కలిసిందా, ఇక జాక్‌పాటే, ముందుగా మారిపోయేది అదే కాబట్టి. కొత్తగా మెరుగు పెట్టించింది ఎంత నిగనిగలాడినా నాకొద్దు, విలువ అక్కడే సగం పోయినట్టు. అన్నట్టు, 1955లో వచ్చిన రివాల్వర్ కోల్ట్ పైథాన్‌ను ఒక్క వాక్యంలో తేల్చేశారు, దానికి ఇంకాస్త చోటివ్వాల్సింది.