తురాయి ఒకటి, పనసలు పది

ఊరు విడిచి దూరంగా ఉంటూ, సొంతూరి బడికో, గుడికో మొక్కలు నాటించమని డబ్బు పంపేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. పలాస కావచ్చు, నరసన్నపేట కావచ్చు, చీపురుపల్లి కావచ్చు, మన దగ్గరినుంచి వెళ్లే కోరిక దాదాపు ఒకటే: తొందరగా ఎదగాలి, నిండుగా పూయాలి, ఫొటోలో బాగుండాలి. ఆ మూడింటికీ సరిపోయేది తురాయి, అంటే గుల్‌మొహర్. అందుకే ఊరికి డబ్బు చేరగానే తురాయి మొక్కలు దిగుతాయి.

తురాయి అందాన్ని కాదనడం లేదు. మడగాస్కర్‌లో పుట్టిన చెట్టే అయినా మన మే నెల దానిది. మొగ్గ విప్పి కేసరాలతో కోడిపందేలు ఆడుకున్న పిల్లలకు ఆ ఎరుపు ఎన్నేళ్లయినా కళ్ల ముందే ఉంటుంది. అయితే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బడి ఆవరణకు మొదటి చెట్టు అదేనా అంటే, కాదు. అక్కడ పనస ముందు రావాలి. పది పనసలు నాటాక ఒక తురాయి నాటండి.

ముందు నీడ సంగతి. ఒంటిపూట బడులు మొదలయ్యే మార్చిలో తురాయి ఆకు రాల్చి మోడై ఉంటుంది. పూత వచ్చి, ఆకు నిండేసరికి బడులకు సెలవులు. పిల్లలకు నీడ కావలసిన రోజుల్లోనే అది నీడనివ్వదు. పనస ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. దాని ఆకు మందం, నీడ చిక్కన.

తర్వాత గాలి. 2013లో పైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, ఈ మూడు తుపాన్లూ తీరం దాటింది అక్టోబరు 11, 12 తేదీల్లోనే. ఆ రోజులకు నైరుతి వానలతో నేల నాని ఉంటుంది, తురాయి గొడుగు నిండా ఆకు ఉంటుంది. వేళ్లేమో పైపైనే పాకి ఉంటాయి, కర్ర పెళుసు. వెడల్పాటి తలకు గాలి తగిలితే కొమ్మలు చీలిపోతాయి, లేదా వేళ్లతో సహా మట్టి లేచి చెట్టు పడిపోతుంది. కరెంటు తీగల కింద ఉన్న చెట్టును ఏటా మొండిగా నరికించే ఊళ్లలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. నరికిన చోట గుంపుగా లేచే కొత్త కొమ్మలు పైపొరకే అతుక్కుని ఉంటాయి, వాటికి పట్టు ఉండదు.

తిత్లీ వజ్రపుకొత్తూరు వైపు తీరం తాకినప్పుడు ఉద్దానంలో పనసలూ ఒరిగాయి. కొబ్బరి, జీడిమామిడి తోటలతో పాటు అవీ పోయాయి. పనస పడదని ఎవరైనా చెబితే నమ్మొద్దు. దాని పట్టంతా తల్లివేరులో ఉంది. ఆ వేరు తిన్నగా కిందికి దిగిన చెట్టుకూ, ప్లాస్టిక్ సంచిలో చుట్ట తిరిగిపోయిన చెట్టుకూ చాలా తేడా. సంచిలో ఏడాదికి పైగా ఉన్న మొక్క తల్లివేరు అడుగుకు తగిలి గుండ్రంగా తిరుగుతుంది. నాటాక కూడా ఆ చుట్ట విప్పుకోదు. పైకి చెట్టు ఏపుగానే కనిపిస్తుంది, పదేళ్ల తర్వాత పెద్ద గాలి వచ్చిన రోజున అసలు సంగతి బయటపడుతుంది.

అందుకే పనసను నర్సరీ నుంచి కాకుండా పిక్క నుంచి, ఉండబోయే చోటనే పెంచాలంటాను. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మూడడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గొయ్యి తీయించి ఎండనివ్వాలి. పైమట్టి వేరుగా, అడుగుమట్టి వేరుగా పోయించాలి. పైమట్టిలో రెండు గంపల మాగిన గెత్తం (పశువుల ఎరువు), కిలో వేపపిండి కలిపి గొయ్యి నింపాలి. పచ్చి పేడ వేస్తే చెదలు వస్తాయి, వేడికి లేత వేరు మాడిపోతుంది. నింపిన మట్టిని నేలకన్నా అరడుగు ఎత్తు కుప్పగా ఉంచాలి. వానలకు అది అణుగుతుంది. సమంగా నింపితే అణిగాక పళ్లెంలా గుంట పడి, మొక్క మొదలు దగ్గర నీరు నిలిచి కుళ్లిపోతుంది. నాటిన మొదటి ఏడాది పనసలు చచ్చిపోవడానికి ఈ గుంట ఒక పెద్ద కారణం.

పిక్కలు ఊళ్లోనే దొరుకుతాయి. మే, జూన్‌లో తొనలు మందంగా, తియ్యగా ఉండే చెట్టు చూసుకుని, బాగా పండిన కాయలోంచి పెద్ద పిక్కలు తీయించాలి. జిగురు పోయేలా కడిగి, ఒక రోజు నీళ్లలో నానబెట్టి, వారం పది రోజుల్లోపే పాతాలి. ధాన్యంలా ఎండబెట్టి దాచుకునే విత్తనం కాదిది, ఎండితే చచ్చిపోతుంది. గొయ్యికి మూడు పిక్కలు, అంగుళం లోతున, పడుకోబెట్టి పెట్టాలి. రెండు మూడు వారాల్లో, ఒక్కోసారి ఇంకాస్త ఆలస్యంగా మొలుస్తాయి. ఏడాది తిరిగాక బలమైనదాన్ని ఉంచి మిగతావి నేలమట్టానికి కోసేయాలి. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది.

పిక్క మొక్క తల్లిచెట్టు లాగే కాస్తుందన్న హామీ లేదు. ఒకదానికి తొన కండగా ఉంటే ఇంకోదానికి పీచు ఉండొచ్చు. కాపుకు ఏడెనిమిదేళ్లు పట్టొచ్చు. ఇది నిజమైన ఇబ్బందే, దీనికి మార్గం ఉంది. కాండం పెన్సిల్ లావెక్కాక, తర్వాతి వానాకాలంలో, అంటుకట్టడం తెలిసిన మనిషిని పిలిపించి మంచి చెట్టు పుల్లతో అక్కడే అంటు కట్టించాలి. వేరు పిక్కది, కాయ మంచి చెట్టుది. కాపు కూడా ముందే వస్తుంది. ఆపైన రెండు పనులు మరవకూడదు: అంటు అతుక్కోగానే చుట్టిన ప్లాస్టిక్ టేపు విప్పాలి, లేకపోతే అక్కడ కాండం నొక్కుకుపోతుంది, అంటు కింద లేచే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి, లేకపోతే అవే చెట్టైపోతాయి.

చెట్టుకూ చెట్టుకూ ముప్పై అడుగులు, గోడకు ఇరవై అయిదు అడుగులు దూరం చాలు. నేల గరువైతే, అంటే నీరు నిలవని మెట్టనేలైతే, ఉద్దానం ఇసుక కలిసిన ఎర్రమట్టైతే దీనికి అంతకన్నా కావలసింది లేదు. చెరువు లోతట్టులో, వరి మళ్ల పక్కన నీరు ఊరే చోట మాత్రం వద్దే వద్దు. వేళ్ల దగ్గర నీరు నిలిస్తే ఎదిగిన పనస కూడా పోతుంది.

మేకల గురించి ఎంత చెప్పినా తక్కువే. పనసాకు వాటికి ప్రాణం. చుట్టూ నాలుగడుగుల ఎత్తు ముళ్లకంప మూడేళ్ల పాటు ఉండాలి, అదీ ఏటా కొత్తగా కట్టాలి. మొదటి రెండు వేసవుల్లో మొక్కకు వారానికి రెండు బిందెల నీళ్లు పోయాలి. మొక్కకు అడుగున్నర దూరంలో, అడుగున సన్న చిల్లి పెట్టిన పాత కుండ మెడ దాకా పాతి అందులో నీళ్లు పోస్తే ఇంకా తక్కువతో సరిపోతుంది. గడ్డి కప్పండి, కానీ కాండానికి జానెడు దూరంలో. తగిలితే చెదలు ఎక్కుతాయి.

కాపు మొదలయ్యాక ఊరి నుంచి ఫోను రావడం ఖాయం: "లేత కాయలన్నీ నల్లబడి రాలిపోతున్నాయి." చాలాసార్లు అవి కాయలు కావు, మగ కంకులు. సన్నగా, నున్నగా ఉండి, పుప్పొడి రాల్చాక బూజు పట్టి పడిపోతాయి. అది వాటి పని. కాడ లావుగా, ఒళ్లు గరుకుగా ఉన్నవి ఆడవి, నిలిచి కాయయ్యేవి అవే. ముసురు పట్టిన రోజుల్లో వాటికీ ఆ కుళ్లు తగలొచ్చు. రాలినవాటిని ఏరి దూరంగా పాతేస్తే చాలావరకు ఆగుతుంది.

పిల్లల మీద కాయ పడుతుందన్న భయం సబబే. పనస కాయేది కాండం మీదా పెద్ద కొమ్మల మీదా. పది కిలోల కాయలు మామూలే. బడిలో వాటిని పండనివ్వక్కర్లేదు. లేత కాయగా ఉన్నప్పుడే కోయించి పొట్టు కొట్టే వాళ్లకు అమ్మితే బడికి నాలుగు రూపాయలు, ఊరి వంటింట్లో ఆవపెట్టిన పనసపొట్టు కూర.

పనస వద్దనే చోటు ఒకటుంది. మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొండ దాపున ఉన్న ఊళ్లకు పనసపండు, జీడిపండు వాసనకు ఎలుగుబంట్లు దిగుతాయి. అక్కడ బడి పక్కన పనస పెట్టడం పిల్లలకు ప్రమాదం. ఆ ఊళ్లకు మాత్రం పనస మానేసి తురాయే పెట్టండి, వేపో కానుగో తోడు పెట్టండి. తురాయి గింజ తోలు గట్టిది. మరిగించి దింపిన నీళ్లలో వేసి రాత్రంతా ఉంచితే మొలుస్తుంది. భవనానికి, ప్రహరీకి నలభై అడుగుల దూరంలో పెట్టాలి. మొదటి మూడేళ్లూ పది పన్నెండు అడుగుల దాకా ఒకే కాండంగా పెంచాలి. రెండు కొమ్మలు ఇరుకు సందుతో లేస్తే చిన్నప్పుడే ఒకటి తీసేయాలి. పెద్ద తురాయి చీలేది అక్కడే.

బొబ్బిలి వీణ మాట చెప్పకుండా ఉండలేను. అక్కడి గొల్లపల్లిలో వీణను ఒకే పనస దుంగ నుంచి తొలుస్తారు. ఆ లావు దుంగ కావాలంటే చెట్టుకు ఒక తరం వయసు ఉండాలి. విజయనగరం జిల్లాలో ఇవాళ నాటినవాటిలో కొన్నయినా ఆ చేతులకు అందాలని నా కోరిక. పిక్క మొక్కల్లో తిన్నగా లేచిన రెండింటిని అంటు కట్టకుండా, పక్క కొమ్మలు చిన్నప్పుడే తీయిస్తూ, కర్ర కోసమే వదిలేయండి.

డబ్బు పంపేటప్పుడు నాటే రోజుకు పావు వంతు మించి ఇవ్వొద్దు. మిగతాది మూడేళ్లకు పంచి నీళ్లు పోసేవాళ్ల కూలికీ, కంపకూ కేటాయించండి. ప్రారంభోత్సవం ఫొటో అడగొద్దు. మూడో ఏడు మార్చిలో, మధ్యాహ్నం పూట, మొక్క మొదలు దగ్గర కూర్చుని తీసిన ఫొటో అడగండి. అందులో కంప ఉందా, మొదలు చుట్టూ గుంట పడిందా, నీడ నేల మీద ఎంత దూరం వచ్చిందో చూడండి.